జపాన్ యాత్రాపట్టిక: వేల్పూరు టీకా తాత్పర్య సహితం

అవతారిక

మూలకర్త మా మేనకోడలు. కొలువు హైదరాబాదులో, తల్లిగారిల్లు వేల్పూరులో. రచనా ప్రయోజనం జపాన్ వీసా. ఆ దేశానికి పోదలచినవారు ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటారో, ఏం చూస్తారో, రాత్రి ఎక్కడ పడుకుంటారో వరస తప్పకుండా రాసి దరఖాస్తుకు జతచేయాలి. అదే మూలగ్రంథం. యాత్రికులు నలుగురు: మా అక్క, పసుపు రైతయిన మా బావ, మూలకర్త, ఆమె పెనిమిటి. శ్రోతలు మాత్రం వాడకట్టంతా.

కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మెదక్ సీమలోని కొలిచెలమ, ఇప్పటి కొల్చారం. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ఈ వ్యాఖ్యాతకు ఆ రెండింటిలో ఏదీ కుదరదు. మూలంలో ఉన్నవి ఆరు వరసలు. అక్కరలేని మాటలు లేకుండా మా ఇంట్లో ఒక్క వరసా పూర్తి కాలేదు.

ఫారాలు నింపడం ఈ నేలకు కొత్త కాదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు బరిలో 185 మంది నిలిస్తే, అందులో 170 మందికి పైగా రైతులే. పసుపుకూ ఎర్రజొన్నకూ ధర అడుగుతూ నామినేషన్లు వేసినవాళ్ళు. అయినా ఈ ఫారం ముందు మా బావ ఆగిపోయాడు. ఆదాయపు పన్ను రిటర్నులు కావాలట. వ్యవసాయాదాయానికి పన్ను లేదు, పన్ను లేదు గనక రిటర్నూ లేదు. “పంట కండ్ల ముందర ఉంటది గని కాయితంల ఉండది. గది వాళ్ళకెట్ల తెల్వాలె?” అన్నాడు. చివరికి ఖర్చు బిడ్డ పెట్టుకుంటుందని రాసి ఆమె రిటర్నులు కుట్టారు. బావకు మింగుడు పడలేదు. అప్పటి నుంచి పట్టిక సంగతిలో ఆయన మౌనవ్రతం. ఈ మౌనాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. చివరి సూత్రంలో పనికొస్తుంది.

ప్రథమ సూత్రం

మూలం: ఏప్రిల్ మొదటి వారం. టోక్యో. సకురా చూచుట. వసతి: ఉయెనోలో హోటలు.

ప్రతిపదార్థం: ఏప్రిల్ మొదటి వారం = పసుపు నిజామాబాదు యార్డుకు పోయే కాలం; సకురా = తాము ఎప్పుడు పూసేదీ ఎవరికీ మాటివ్వని చెర్రీ పూలు; చూచుట = ఫోను ఎత్తిపట్టుట; హోటలు = రద్దు చేసుకుంటే పైసలు వాపసిచ్చే గది.

టీక: సకురా విషయంలో ప్రమాణాలు మూడు. వాతావరణ శాఖవారు టోక్యోలోని యసుకుని మందిరంలో ఒక చెట్టును ఎంచి పెట్టుకున్నారు. దానికి ఐదారు పూలు విచ్చితే రాజధానిలో సకురా వచ్చిందని ప్రకటిస్తారు. ఇది ప్రత్యక్షం. ఫలానా తారీకుకు పూయవచ్చని నెలల ముందే వచ్చే అంచనాలు అనుమానం. “గ్యారంటీ మేడమ్” అనే ట్రావెల్ ఏజెంటు మాట శబ్దం. శబ్దం మీద టికెట్లు కొనడం శాస్త్రసమ్మతం కాదు. ఆ చెట్టు 2023లో మార్చి 14నే పూసింది, 2024లో మార్చి 29 దాకా పూయలేదు. పూత నిండుకు రావడానికి మరో వారం, రాలిపోవడానికి ఇంకో వారం.

పూర్వపక్షం బావది. మౌనవ్రతం ఉన్నా సాగు మాట వస్తే భంగమే. “మిరుగు జొచ్చినా వాన వడక ముందుగాల ఇత్తనం ఎయ్యం. చెట్టు పుయ్యక ముందుగాలనే టికెట్ ఎట్ల కొంటరు?”

దీనికి మూలకర్త దగ్గర జవాబు లేదు. ఆమె దగ్గర ఆఫరు మాత్రమే ఉంది.

కాలనిర్ణయం: పసుపు తవ్వకం జనవరితో మొదలవుతుంది. తవ్వినాక కొమ్ములు ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టాలి, యార్డులో ధర కోసం కాచుకోవాలి. మార్చి, ఏప్రిల్ నెలలు దానికే చాలవు. నవంబరులో క్యోటో కొండలు మేపుల్ ఆకులతో ఎర్రబడతాయి గాని అప్పుడిక్కడ వడ్లు కల్లంలో ఉంటాయి. ఏప్రిల్ చివర, మే మొదట్లో అక్కడ గోల్డెన్ వీక్ సెలవులు. దేశం దేశమే రైళ్ళలో ఉంటుంది. జూన్‌లో వాళ్ళకు ముసురు, మాకు పసుపు విత్తనం. మిగిలింది మే మూడో వారం. పెండ్లిళ్ళు తప్పిపోతాయని అక్క గునిసింది. కట్నాలు మిగులుతాయని బావ సమాధానపరిచాడు.

పాఠాంతరం: “ఏప్రిల్ మొదటి వారం” అనేచోట “మే మూడో వారం” అని చదువుకోవాలి. “సకురా” కొట్టివేత.

తాత్పర్యం: పూల కోసం బయల్దేరిన సంకల్పం పూలు లేని నెలలో స్థిరపడింది.

ద్వితీయ సూత్రం

మూలం: మరునాడు. టోక్యో. వసతి: పైన చెప్పినదే.

టీక: పాణిని ఒక సూత్రంలోని పదాన్ని కింది సూత్రాలకు దిగుమతి చేసుకుంటాడు. దాన్ని అనువృత్తి అంటారు. జపాన్ వీసావారికి పాణిని తెలుసో లేదో గాని అనువృత్తి తెలుసు. అదే హోటలైతే “పైన చెప్పినదే” అని రాస్తే చాలు. అయితే అనువృత్తి వసతి వరకేనా, చూడవలసిన వాటికి కూడానా అని సందేహం. “రెండొద్దులు గదే జూస్తరా?” అని మా ఇంటి అవ్వ అడిగింది. అందుకని మూలకర్త కింద చిన్న అక్షరాలతో అసకుసా చేర్చింది. అక్కడి సెన్సోజీ ఆలయంలోని కన్నన్ విగ్రహం 628లో సుమిదా నదిలో ఇద్దరు జాలరి అన్నదమ్ముల వలకు చిక్కిందని ఐతిహ్యం. కన్నన్ మన అవలోకితేశ్వరుడే.

విశేషం: ఉయెనోలో షినోబజు చెరువుంది. చెరువు నడుమ బెంజైతెన్ గుడి ఉంది. బెంజైతెన్ అంటే సరస్వతి. బౌద్ధంతో పాటు చైనా మీదుగా నడిచిపోయిన మన దేవతల్లో ఆమె ఒకతె; ఇంద్రుడు, బ్రహ్మ, కుబేరుడు, వినాయకుడు కూడా పేర్లు మార్చుకుని అక్కడే కాపురమున్నారు. ఆమె చేతిలో వీణకు బదులు బివా ఉంటుంది. గుళ్ళు ఎక్కువగా నీళ్ళ పక్కనో నీళ్ళ నడుమనో ఉంటాయి. గోదావరి ఒడ్డున బాసరలో పిల్లలందరికీ అక్షరాభ్యాసం చేయించిన మా అక్క ఈ మాట విని లేచి కూర్చుంది. “బాసర తల్లి గాడిదాంక వొయ్యిందా?” అంతవరకూ ఆమెకు జపాన్ బిడ్డ సరదా. అప్పటి నుంచి తీర్థయాత్ర.

తృతీయ సూత్రం

మూలం: షింకాన్‌సేన్‌లో క్యోటో. కిటికీ పక్క సీటు. వసతి: క్యోటోలో హోటలు.

ప్రతిపదార్థం: షింకాన్‌సేన్ = బుల్లెట్ రైలు; క్యోటో = రెండుంబావు గంటల దూరం; కిటికీ పక్క = ‘ఈ’ అక్షరం గల సీటు.

టీక: ‘ఈ’ సీటే ఎందుకు? టోక్యో నుంచి క్యోటోకు పోయేటప్పుడు ఫుజి పర్వతం కుడిచేతి వైపు వస్తుంది. ఎత్తు 3,776 మీటర్లు. మబ్బుంటే ఆ పూటకు లేనట్టే. రైల్వేవారి బాధ్యత కాదు.

పాసు చర్చ: ఏడు రోజుల జేఆర్ పాసు కొంటే లాభమని పాత వ్యాఖ్యాతలంతా ఏకగ్రీవంగా చెబుతారు. వారి కాలంలో అది నిజమే. అప్పటి ధర 29,650 యెన్లు. 2023 అక్టోబరులో 50,000 చేశారు. టోక్యో నుంచి క్యోటోకు ఒకవైపు టికెట్ సుమారు 14,000 యెన్లు. రానూపోనూ కలిపినా పాసు ధరలో అరవై పాళ్ళు దాటదు. పైగా అన్నిటికంటే వేగమైన నొజోమి ఎక్కాలంటే పాసున్నా అదనంగా కట్టాలి. కాబట్టి పాసు పూర్వాచార్యులకే వదిలిపెట్టడమైనది.

సామాను చర్చ: ఈ రైల్లో పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే దానికి చోటున్న సీటు ముందే బుక్ చేసుకోవాలి. మా అక్క పెట్టె ఖాళీగా ఉన్నప్పుడే దాటింది. అందులోంచి మొదట దిగింది కోడి తొక్కు. అంకాపూర్ నాటుకోడితో పెట్టించినది. మాంసంతో చేసిన ఏ పదార్థాన్నీ తనిఖీ పత్రం లేకుండా జపాన్‌లోకి రానివ్వరు. “కోడికి గూడ కాయితమేనా?” అని బావ నవ్వాడు. రిటర్నుల నాటి తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

విశేషం: 515 కిలోమీటర్ల ఈ లైను పని 1959లో మొదలై 1964 అక్టోబరు 1న రైలు నడిచింది. మా ఆర్మూరు మీదుగా పోయే పెద్దపల్లి–నిజామాబాదు లైను 90ల్లో మొదలై 2017లో పూర్తయింది. పోలిక చేయడం వ్యాఖ్యాత పని కాదు. తారీకులు పక్కపక్కన పెట్టడం మాత్రమే పని.

చతుర్థ సూత్రం

మూలం: క్యోటో. గుళ్ళు.

టీక: ఒక్క పదంలో ఇంత బరువు మరే సూత్రానికీ లేదు. క్యోటోలో బౌద్ధాలయాలే 1,600 దాకా చెబుతారు, షింతో మందిరాలు వేరు. మూలకర్త మొదటి ప్రతిలో పన్నెండు పేర్లు రాసింది. అవ్వ విని, “గుడి కాడ చెప్పులిడిసి తొడుక్కునుడే సరిపోతది” అంది. ఇక కోత మొదలైంది. మిగిలినవి రెండు.

ఒకటి కింకాకుజీ. పై రెండంతస్తులకూ బంగారు రేకు. 1950లో ఒక కుర్ర సన్యాసి దానికి నిప్పు పెట్టాడు. 1955లో మళ్ళీ కట్టారు. పాతదే కదా అని చూసి వచ్చేవాళ్ళు చూసింది మా అక్క కంటే కొంచెమే పెద్ద కట్టడాన్ని.

రెండోది ఫుషిమి ఇనారి. కొండ మీదికి బారులు తీరిన వేల ఎర్ర తోరణాలు. అవి భక్తులూ వ్యాపారులూ కట్టించినవి. వెనక వైపు దాతల పేర్లు, తేదీలు చెక్కి ఉంటాయి. మా ఊళ్ళలో గుడికిచ్చిన ఫ్యాను రెక్క మీద దాత పేరు రాయించడం చూసి నవ్వేవారు ఈ కొండ తప్పక ఎక్కాలి. ఇనారి వరికి అధిదేవత. ఆ మాటకు బావ పేపరు దించాడు. మళ్ళీ ఎత్తాడు.

తాత్పర్యం: యాత్ర రాయడమంటే కొట్టివేయడం. మిగిలిన రెండు గుళ్ళకూ కొట్టేసిన పదింటి పుణ్యం అదనం.

పంచమ సూత్రం

మూలం: నారా. జింకలు.

టీక: నారా జింకలు బిస్కెట్టు కోసం తల వంచుతాయి, ఇయ్యకుంటే అంగీ కొరుకుతాయి. ఇంతకు మించి వాటి మీద వ్యాఖ్య అవసరం లేదు. మూలకర్త మరిచింది జింకల వెనకున్న తోదైజీని. ఆ ఆలయంలో సుమారు 15 మీటర్ల కంచు బుద్ధుడున్నాడు. చక్రవర్తి షోము పోత పోయించాడు. 752లో నేత్రోన్మీలనం జరిగింది. పెద్ద కుంచెతో ఆ కళ్ళు దిద్దినవాడు భారతదేశం నుంచి వెళ్ళిన భిక్షువు బోధిసేనుడు. 736లో ఆయన ఓడ దిగితే గ్యోకి అనే జపాన్ భిక్షువు ఎదురేగి తీసుకుపోయాడని చెబుతారు. బోధిసేనుడు తిరిగి రాలేదు, 760లో అక్కడే పోయాడు.

“గాయినకు వీసా పట్టిక ఎవరు రాసిచ్చిండ్రు?” అని మూలకర్త పెనిమిటి అడిగాడు. ఆయన సంతోషంగా ఉన్నప్పుడు వేసే ప్రశ్నలు అలాగే ఉంటాయి.

షష్ఠ సూత్రం

మూలం: ఒక రోజు ఖాళీ.

టీక: గ్రంథానికి ఇదే ప్రాణం, ఇదే గండం. వీసావారి గడి ఖాళీని ఒప్పుకోదు. ఇంట్లోవాళ్ళ ఆశలు ఖాళీని ఉండనీయవు.

మొదటి పక్షం మూలకర్తది: హకోనె పోయి వేడినీటి బుగ్గలో కూర్చోవాలి. ఆ స్నానం బట్టల్లేకుండా చేయాలని తెలిసి అక్క ఆ పక్షాన్ని ఒక్క చూపుతో ఖండించింది.

రెండో పక్షం బోధన్ వియ్యంకుడిది. ఆయన యాత్రికుడు కాడు, పోనివాళ్ళకు పూర్వపక్షాలెక్కువ. హిరోషిమా చూడాలన్నాడు. “బాంబు వడ్డది ఆగస్టు ఆరున. తొమ్మిదో తారీకు కొంత దూరమన్న ట్రాం నడిపిండ్రు. శక్కర్‌నగర్‌ల మా చక్కెర ఫ్యాక్టరీ 1937ల పెట్టింది, 2015 డిసెంబర్‌ల మూసిండ్రు. దాని మీద బాంబు వడ్డదా? ఎలచ్చన్ల ఎలచ్చన్లకు తెరుస్తమంటరు. తెరిసేటోళ్ళు ఎట్లుంటరో జూసి రాండ్రి.” ఈ పూర్వపక్షానికి వ్యాఖ్యాత దగ్గర సిద్ధాంతం లేదు. పక్క పక్షానికి పోతున్నాడు.

మూడో పక్షం అక్కది: బాసర తల్లి. ఉయెనోలో చూస్తున్నాం కదా అంటే, “అది తొవ్వల వడ్డ గుడి. మొక్కుకు వేరే పోవాలె” అంది.

అప్పుడు మూలకర్త తండ్రి వైపు తిరిగింది. “బాపూ, నువ్వేం అడుగకపోతివి.” బావ చాలాసేపు పేపరు మడతపెట్టాడు. “మే నెలల వాళ్ళు నాట్లేస్తరంట. మెషీన్ల తోని. అంగట్ల ఉన్న కుబోటా, యన్మార్ గాడియే గద. నడుస్తుంటె జూడాలె.” పట్టిక మొత్తంలో తన కోసం ఆయన అడిగింది ఇదొక్కటే.

సమన్వయం: అక్కదీ బావదీ రెండు పక్షాలూ ఒక్కచోట కలిసే ఊరు ఉన్నట్టు మూలకర్త ఆ రాత్రి కనిపెట్టింది. అది నాగహామా. క్యోటో నుంచి మామూలు రైల్లో గంటకు కొంచెం పైన. పక్కన బివా సరస్సు. రేవులో పడవెక్కితే అరగంటలో చికుబుషిమా ద్వీపం. 165 రాతి మెట్ల పైన బెంజైతెన్. ఆ గుడిని షోము ఆజ్ఞతో 724లో గ్యోకి స్థాపించాడని స్థలపురాణం. అంటే నారాలో కనిపించిన రాజూ, బోధిసేనుడికి ఎదురేగిన భిక్షువూ ఇక్కడ మళ్ళీ తగులుతారు; గ్రంథానికి ఏకవాక్యత సిద్ధించింది. ఇక అదే నాగహామాలో యన్మార్ మ్యూజియం ఉంది. చిన్న డీజిల్ ఇంజినును 1933లో వాడకానికి తెచ్చిన కంపెనీ అది. స్థాపకుడిది ఆ ప్రాంతమే. సరస్సు చుట్టూ వరి మళ్ళు. మే నెలలో వాటిలో నీళ్ళుంటాయి, నారు ఉంటుంది.

సకురా కొట్టివేసినందుకు ఇప్పుడు ఫలితం తెలిసింది. పూల కోసం ఏప్రిల్ పట్టుకుని ఉంటే ఈ మళ్ళు ఎండుగా ఉండేవి. టోక్యో, క్యోటో, నారా వరసలను ఎవరి పట్టికలోనైనా చూడవచ్చు. లోకం రాసి పెట్టింది, మనం దింపుకున్నాం. ఖాళీ వరస ఒక్కటే వేల్పూరువాళ్ళు సొంతంగా రాసుకున్నది.

సవరించిన మూలం: నాగహామా. పొద్దున ద్వీపం, మాపటికి ఇంజిన్లు, నడుమ మళ్ళ గట్ల మీద నడక. వసతి: పైన చెప్పినదే.

ఫలశ్రుతి

ఈ పట్టికను శ్రద్ధగా నింపినవారికి వీసా కలుగును. రాయనిచ్చి ఊరుకున్నవారికి కిటికీ పక్క సీటు లభించును. మధ్యలో లేచిపోయినవారికి ఫోటోలు చేరును. పట్టిక చదవకుండానే సలహాలిచ్చిన వాడకట్టువారికి తలకొక కీచెయిన్ వచ్చును. వ్యాఖ్యాతకు రెండు.