నైటు దిగిన పిదప: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం:

నైటు దిగిన పిదప నన్నము మానియు
పుటలు తిరగవేసి బుర్ర గోకి
మూడు గంటలందు మొత్తము రాయగా
పాతికేమొ లెక్కపడక పోయె!

అవతారిక: అమెరికాలో ఐసీయూ నర్సులకు సీసీఆర్‌ఎన్ అనే పరీక్ష ఉంది. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ క్రిటికల్ కేర్ నర్సెస్ వారు 1976 నుంచి పెడుతున్నారు. రాసి బయటికొచ్చిన తెలుగు నర్సు నిట్టూర్పుగా ఈ పద్యాన్ని చదువుకోవాలి. కొలచల మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాల మీద తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. మన కవయిత్రి రాత్రంతా క్రాష్ కార్టు (ఆగిన గుండెను ఆడించే సరంజామా బండి) పక్కనే ఉండే మనిషి. ఆమె ముందు అంత పేరు పెట్టుకునే ధైర్యం ఈ టీకకు లేదు.

ప్రతిపదార్థం: నైటు = రాత్రి ఏడింటికెక్కి పొద్దున ఏడింటికి దిగే పన్నెండు గంటల డ్యూటీ; దిగిన పిదప = పగటి నర్సుకు రిపోర్టిచ్చి, మిగిలిన చార్టింగు ముగించి బయటపడ్డాక (ఏడు కొట్టగానే దిగుతుందనుకునే పాఠకుడు ఈ శాస్త్రానికి కొత్త); అన్నము మానియు = పులిహోర డబ్బా ఫ్రిజ్‌లోనే ఉండగా; పుటలు = రివ్యూ పుస్తకపు పేజీలు, లక్షణ చేత ఫోనులోని ప్రశ్నల యాప్; బుర్ర గోకి = దీని సంగతి ముందు చూడగలరు; మూడు గంటలందు మొత్తము = 180 నిమిషాల్లో 150 ప్రశ్నలు; రాయగా = మౌసుతో నొక్కగా; పాతికేమొ = 25 మాత్రం; లెక్కపడక పోయె = మార్కుల్లోకి రాలేదు.

తాత్పర్యం: స్పష్టం. నిద్ర లేదు, తిండి లేదు, చేసిన ప్రశ్నల్లో ఆరో వంతుకు మార్కులే లేవు.

ఇక విశేషాలు. ఏ శాస్త్రానికైనా అధికారి ఎవరో ముందు తేల్చాలి. ఇక్కడ డిగ్రీ, లైసెన్సు ఉంటే చాలదు. గడిచిన రెండేళ్లలో ప్రాణాపాయంలో ఉన్న రోగుల దగ్గర 1,750 గంటలు పనిచేసి ఉండాలి, అందులో 875 గంటలు చివరి ఏడాదివే కావాలి. అయిదేళ్లలో 2,000 గంటల దారి కూడా ఒకటుంది. ముందు సేవ, తరువాత పరీక్ష అన్నమాట. మన దగ్గర చాలా పరీక్షల వరస దీనికి తలకిందులు.

"బుర్ర గోకి" అన్నచోట వ్యాఖ్యాత కాసేపు ఆగక తప్పదు. ప్రశ్నలో రోగి బీపీ 84/46 అని ఉంటుంది. కింది అంకెను రెట్టించి, పై అంకెను కలిపి, మూడుతో భాగిస్తే సగటు పీడనం 59 దాకా వస్తుంది. 65 ఉండాలి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. గోకుడు ఇక్కడ మొదలవుతుంది, ఎందుకంటే ఇది శ్లేష. రోగికి సెప్టిక్ షాక్ అయితే ఒళ్లంతా రక్తనాళాలు వదులైపోయి, 800 నుంచి 1,200 మధ్య ఉండవలసిన ఎస్‌వీఆర్ (రక్తప్రవాహానికి నాళాలిచ్చే నిరోధం) కిందికి పడుతుంది. కార్డియోజెనిక్ షాక్ అయితే గుండె తోయలేక నాళాలు బిగుసుకుని అదే ఎస్‌వీఆర్ పైకి పోతుంది, 8 నుంచి 12 ఉండే వెడ్జ్ ప్రెషర్ (గుండె ఎడమవైపు పీడనానికి కొలత) కూడా దానితో పాటే పెరుగుతుంది. మొదటివాడికి వెంటనే సెలైన్ ఎక్కించాలి, చాలకపోతే నారెపినెఫ్రిన్ పెట్టాలి. రెండోవాడికి అదే సెలైన్ ధారాళంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. కావ్యంలో శ్లేష తప్పుగా విడదీస్తే సభ నవ్వి ఊరుకుంటుంది. ఇక్కడ ఊరుకోవడం కుదరదు.

పూర్వపక్షం: ఏళ్ల తరబడి ఐసీయూలో ఉన్న సిస్టర్‌కు మళ్లీ ఈ చదువేమిటి? సమాధానం: ఆమెకు తన వార్డు వచ్చు. గుండె ఆపరేషన్ల ఐసీయూలో పనిచేసేవారికి తలకు దెబ్బ తగిలిన కేసు ఎప్పుడో గాని తగలదు. పరీక్ష మాత్రం గుండె, ఊపిరితిత్తులు, మెదడు, మూత్రపిండాలు, షుగరు, అన్నిటినీ అడుగుతుంది. "మా యూనిట్‌లో ఇలా చేయం" అనే వాదం అక్కడ చెల్లదు. ప్రశ్నలోని ఆసుపత్రిలో మనుషులు చాలినంత ఉంటారు, పంపులన్నీ పనిచేస్తాయి. దాన్ని నమ్మి జవాబివ్వాలి. అనుభవం ఉన్నవాళ్లు తప్పు చేసేది ఎక్కువగా ఇక్కడేనని ఈ టీకాకారుడి అభిప్రాయం.

ప్రశ్నల్లో 80 శాతం వైద్య నిర్ణయాలవి, 20 శాతం సేవాధర్మానివి. ఈ ఇరవైని ఎవరూ చదవరు, కామన్ సెన్సే కదా అని. గుండె ఆగిన మనిషికి సీపీఆర్ చేస్తుంటే భార్య గదిలోనే ఉంటానంటుంది. బయటికి పంపాలా? పంపనక్కర లేదు, ఆమె పక్కన ఒక మనిషిని నిలబెట్టి ఉండనివ్వవచ్చనేదే పరీక్ష పెట్టే సంస్థ పక్షం. కామన్ సెన్సు మాత్రం చేయి పట్టి బయటికి నడిపిస్తుంది.

పాతిక గురించి: సాంఖ్యులకు తత్వాలు 25. ఇక్కడి 25 వాటికన్నా గహనం. ఇవి రాబోయే పరీక్షల కోసం సరిచూస్తున్న ప్రశ్నలు. మిగతా 125లో కలిపేస్తారు, గుర్తేమీ ఉండదు. అందుచేత ప్రతిదానికీ బుర్ర సమానంగా గోకవలసిందే. తప్పుకు మార్కు కోయరు కనుక ఏదీ వదలకూడదు కూడా.

ఫలశ్రుతి: పరీక్ష ముగియగానే ఫలితం చెప్పేస్తారు. గట్టెక్కితే పేరు పక్కన నాలుగక్షరాలు చేరతాయి, మూడేళ్లపాటు నిలుస్తాయి. ఆ తరువాత పునరుద్ధరించుకోవాలి.

పాఠకులకు ఒక మనవి. హైదరాబాదులో రాత్రి భోజనాలయ్యాక ఎనిమిదిన్నరకు తీరిగ్గా ఫోను చేద్దామనిపిస్తుంది. వేసవిలో న్యూజెర్సీలో అప్పుడు పగలు పదకొండు. మీ అమ్మాయి నైటు దిగి, నాలుగు ప్రశ్నలు చేసి, అప్పుడే కన్ను మూసి ఉంటుంది. వాట్సాప్‌లో మెసేజి పెట్టండి, లేచాక తనే చేస్తుంది.