నీలం చుక్కలు

పెన్ను అనగానే రాయడానికేగా అంటారు. నేను రాసింది తక్కువ, మనుషుల ఒంటిమీద ఆనింది ఎక్కువ. బాపట్ల అంటే మా శాఖలో ఒకప్పుడు రెండు పేర్లు వినబడేవి: సాల్వేషన్ ఆర్మీ వారి ఇవాంజలీన్ బూత్ కుష్ఠు ఆసుపత్రి, బెతనీ కాలనీ. ఆ ఊళ్లోనే ఒక పారామెడికల్ వర్కరు చొక్కా జేబులో నా కొలువు మొదలైంది. పల్లెల్లో ఆయన్ని ‘మచ్చల సారు’ అనేవారు. నాది ఉక్కు ఒళ్లు కాబట్టి రీఫిళ్లు మారుస్తూ ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను.

దగ్గరి ఊళ్లకు సైకిలు. రేపల్లె వైపైతే రైల్లో తెనాలి దాకా పోయి, రేపల్లె పాసింజరు మారి వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన మీదుగా వెళ్లేవాళ్లం. పాసింజరు తప్పితే చెరుకుపల్లి బస్సే గతి. నాట్లు వేసే చేతులు, వలలు లాగే చేతులు, పొయ్యి దగ్గర గంజి వార్చే చేతులు, అన్నీ నాకు తెలుసు.

మచ్చ కనబడగానే కుష్ఠు అనుకోకూడదు. శోభి కావచ్చు, తామర కావచ్చు, బొల్లి కావచ్చు. వాటి మీద నేను ఆనితే మనిషికి తెలుస్తుంది. పాలిపోయిన మచ్చమీద తెలియలేదంటే అప్పుడు అనుమానించాలి. ఐదు మచ్చల వరకు ఒక రకం, దాటితే ఇంకో రకం. ఆ లెక్కన మందు కోర్సు ఆరు నెలలా, ఏడాదా అనేది తేలుతుంది.

అరచేతుల్నీ అరికాళ్లనీ పరీక్షించడం ఇంకా సున్నితమైన పని. నన్ను నిటారుగా పట్టుకోవాలి, చర్మం సొట్టపడీపడనట్టు ఆనించి తీసేయాలి, గీయకూడదు. “తెలుస్తోందా?” అని అడగనే కూడదు. అడిగితే మనవాళ్లు మొహమాటానికైనా తెలుస్తోందనే అంటారు.

రేపల్లె దగ్గరి ఒక పల్లెలో సారు ఒక ముసలావిడని అరుగుమీద కూర్చోబెట్టి, ముందు కళ్లు తెరిచి ఉండగా చూపించి, “ఇప్పుడు కళ్లు మూసుకో పెద్దమ్మా, తగిలిన చోటల్లా వేలితో చూపించు” అన్నారు. చిటికెనవేలి వైపు నాలుగుచోట్ల ఆనాను. నాలుగు నీలం చుక్కలు పడ్డాయి. ఆవిడ ఓపిగ్గా కూర్చుని, కాసేపాగి, “ఇంకా మొదలెట్టవేం నాయనా?” అంది. గంజి ఒలికి చెయ్యి కాలినా నొప్పెట్టలేదనీ, దేవుడు చల్లగా చూశాడనీ అంతకుముందే చెప్పుకొచ్చింది. సారు ఆవిడ మోచేతి వెనక తడిమారు. అక్కడ నరం లావెక్కి ఉంది.

నా ఉద్యోగానికి పోటీ నైలాన్ పోచలు. మోనోఫిలమెంట్లంటారు. ఒక్కో పోచ ఒక్కో నిర్ణీత ఒత్తిడికి వంగుతుంది, కాబట్టి ఎవరు పట్టుకున్నా కొలత మారదు. నేనలా కాదు, చెయ్యి బరువైతే నేనూ బరువే. అందుకే పరిశోధకులు వాటికే పెద్దపీట వేస్తారు, న్యాయమే. కానీ 303 మంది రోగులతో ఉత్తర భారతంలో జరిగిన ఇన్‌ఫిర్ అధ్యయనం ఆ పోచల గర్వమూ కొంత అణిచింది. వెచ్చదనాన్ని గుర్తించే శక్తి, నరంలో విద్యుత్ ప్రసారం పోచ పరీక్షకంటే ముందే దెబ్బతింటాయని తేలింది. పోచే ఆలస్యమైతే నా సంగతి చెప్పాలా? ఆలస్యం ఎందుకు ముఖ్యమంటే, నరం దెబ్బతిన్న ఆరు నెలల్లోపు ప్రెడ్నిసలోన్ మొదలుపెడితే స్పర్శ తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత ఆశ తగ్గిపోతుంది.

మందు కథలోనూ తెలుగు నేల ఉంది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లి ఆసుపత్రిలో పనిచేసి వెళ్లిన జాన్ లోవ్, తర్వాత నైజీరియాలో డాప్సోన్‌ను మాత్రగా తక్కువ మోతాదులో ఇవ్వొచ్చని చూపించాడు. అది చవకైన మందు కావడంతో అందరూ దానిమీదే ఆధారపడ్డారు. 1964లో మలేషియాలో బాక్టీరియా దానికి లొంగడం మానేసిందని రుజువైంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ కలిపి ఇవ్వమంది. మూత్రం ఎర్రబడిందని భయపడి వచ్చినవాళ్లకీ, క్లోఫాజిమిన్‌కి ఒళ్లు నల్లబడిందని ఏడ్చిన పెళ్లికూతుళ్లకీ సారు చెప్పిన సమాధానాలు నాకు కంఠతా వచ్చు.

2005 డిసెంబరులో దేశం నిర్మూలన సాధించిందన్నారు. అంటే పదివేల మందిలో ఒకరికంటే తక్కువ రోగులని అర్థం. జబ్బు పోయిందని కాదు. వినేవాళ్లు మాత్రం పోయిందనే విన్నారు. సారు రిటైరయ్యారు, నేను ఒక ఆశా కార్యకర్త సంచిలో చేరాను. 2022లో రేపల్లె బాపట్ల జిల్లాలోకి వచ్చింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది, కార్డుమీద జిల్లా పేరు మార్చి రాశాను.

ఇప్పుడు రోగితోపాటు, ముందుజాగ్రత్త మాత్ర ఇవ్వడానికి చుట్టుపక్కల వాళ్ల పేర్లూ రాస్తున్నాను. బంగ్లాదేశ్‌లో ఇరవై వేలకు పైగా పరిచయస్తులపై జరిగిన కోలెప్ ట్రయల్ ఫలితాలు 2008లో వచ్చాయి. ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇస్తే మొదటి రెండేళ్లలో కొత్త కేసులు 57 శాతం తగ్గాయి, తర్వాత తేడా కనబడలేదు. అసలు చిక్కు ఇంకోటుంది. దగ్గరి రక్తసంబంధీకుల కంటే దూరపు పరిచయస్తుల్లో ఆ మాత్ర ఎక్కువ పనిచేసింది. ఎవరికి తెలియకూడదని రోగి వణుకుతాడో వాళ్లకే మాత్ర ఎక్కువ మేలు చేస్తుందన్నమాట.

మొన్నొక ఇంట్లో ఆశా కార్యకర్త నన్ను చేతిలోకి తీసుకుని, “నువ్వు ఒప్పుకుంటేనే రాస్తాను పిన్నీ” అంది. ఆవిడ ఇంట్లోవాళ్ల పేర్లు గబగబా చెప్పింది. ఇరుగుపొరుగు దగ్గరికొచ్చేసరికి ఆగింది.

“వాళ్లకి వేరే ఏదైనా మందని చెప్తావా అమ్మా?”

“అబద్ధం చెప్పకూడదు పిన్నీ.”

ఆవిడ కాసేపు ఆలోచించింది. “అయితే పడమటింటివాళ్లని రాయొద్దు. తూర్పువైపు వాళ్లని రాయి, వాళ్లతో మాకు ఎలాగూ మాటల్లేవు.”