గోడ పోయిన చోట నేను

నేను టెక్కలి నీలిరాయిని. తూర్పు కనుమల అడుగున, వంద కోట్ల ఏళ్ళ కిందటి వేడికీ ఒత్తిడికీ గట్టిపడిన జాతి మాది. క్వారీలో వజ్రపు పూసల తీగతో కోశారు, ఫ్యాక్టరీలో రెండు సెంటీమీటర్ల మందాన పలకలుగా చీల్చి మెరుగు పెట్టారు. నా తోటి రాళ్ళెన్నో ఓడలెక్కి పరాయి దేశాల్లో సమాధి ఫలకాలయ్యాయి. నాకు బతికున్నవాళ్ళ మధ్య చోటు దొరికింది. శ్రీకాకుళంలో ఒక పాత డాబా ఇంట్లో వంటగదికీ హాలుకీ మధ్య గోడ తీసి, ఆ చోట నన్ను గట్టుగా పరిచారు.

ఆ గోడ అంత సులువుగా పోలేదు. నన్ను తెచ్చి వరండాలో ఆనించిన రోజునే ఇంట్లో వాదన మొదలైంది.

“గోడ తీసీస్తే వచ్చినోళ్ళందరికీ మన అంట్లగిన్నెలు అగుపించవేటే?” అంది మామ్మ.

“చుట్టాలొచ్చినప్పుడల్లా వాళ్ళ మాటలు గోడవతల నుంచే వింటున్నానత్తయ్యా. వంటయ్యి బయటికొచ్చీసరికి వాళ్ళు బయల్దేరిపోతన్నారు” అంది కోడలు.

ఆర్కిటెక్చరు చదువుతున్న మనవరాలు మామ్మ పక్కన కూర్చుంది. “నువ్వు పుట్టిన చుట్టింట్లో వంటకి వేరే గది ఉండీదేటి మామ్మా?”

కళింగపట్నం వైపు ఊళ్ళో మట్టిగోడలు, తాటాకు కప్పు ఉన్న గుండ్రటి ఇల్లు అది. గాలివాన ఢీకొనడానికి మూలలుండవు కాబట్టి గాలి చుట్టూ జారిపోయేది. “లేదమ్మా. మాయమ్మ పొయ్యికాడ కూకునే అందరితోటీ కబుర్లాడీది. పొగొక్కటే బాధ, కళ్ళు మండిపోయీవి. ఆ పొగ మాత్రం మళ్ళీ తేకండి” అంది మామ్మ. ఇంటి నమూనా మొత్తం ఆ మాట చుట్టూ తయారైంది.

ముందు ఇంజనీరు గోడను పరీక్షించాడు. తొమ్మిదంగుళాల గోడ, స్లాబు బరువు మోస్తోంది. అందుకే స్లాబుకి పోట్లు పెట్టి, ఇనుప దూలం ఎక్కించి, ఆ తర్వాతే ఇటుక కదిపారు. పొయ్యిని నా మీదికి తేలేదు. ఆగ్నేయ మూలన బయటిగోడకే ఉంచారు. చిమ్నీ గొట్టం వంపులు లేకుండా నేరుగా బయటికి పోవాలంటే అదే సరైన చోటు. పోపు ఘాటు, చేపల వేపుడు వాసన హాల్లో సోఫా గుడ్డల్లోకి చేరకుండా ఆ గొట్టమే కాపాడుతోంది. కోడలి మోచేతికి నాలుగంగుళాలు కిందికి కొలిచి నా ఎత్తు తేల్చారు. హాలు వైపు నా అంచున ఆరంగుళాల అడ్డు లేపారు. కూరగాయల తొక్కలు, గిన్నెలు కూర్చున్నవాళ్ళ కంటపడవు. మామ్మ అభ్యంతరం అక్కడ తీరింది.

మనవరాలు ఇంకో సంగతి చెప్పింది. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ కోసం మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు ఆరున్నర చదరపు మీటర్లలో ఒక వంటగది రూపొందించింది. అడుగులు తగ్గాయి, శ్రమ తగ్గింది. కానీ ఒక్కరే పట్టే ఆ గదిలో వండే మనిషి ఒంటరైందని తర్వాతి తరం ఆడవాళ్ళు అన్నారు. పని సులువైతే సరిపోదు, తోడు కూడా కావాలని ఆ పిల్ల వాదన. నాదీ అదే మాట.

నా మీద చింతపండు పిసికినా, నిమ్మకాయ పిండినా పాలరాయిలా మెరుపు పోగొట్టుకోను. పసుపు మాత్రం వెంటనే తుడవాలి. కోడలు ఆవపెట్టిన పనసపొట్టు కూరకి ఆవాలు నూరుతుంటే అవతల స్టూలు మీద పిల్లాడు లెక్కలు చేస్తాడు. ఇదివరకు వంటగది గుమ్మం దాటని ఇంటాయన ఇప్పుడు నా దగ్గర నిలబడి బెండకాయలు తరుగుతున్నాడు. పని కంటికి కనబడితే చెయ్యి దానంతటదే ముందుకొస్తుంది.

ఇల్లు కట్టేవాళ్ళకి నా మాట ఒకటే. బొమ్మల్లో అందంగా ఉందని గోడ తీయకండి. ఆ గోడ ఏ బరువు మోస్తోందో, పొగకి దారెక్కడో, మీ ఇంట రోజూ ఏం వండుతారో ముందు చూసుకోండి. పొగకి దారి లేకపోతే గోడ ఉంచి, అందులో పెద్ద కిటికీ పెట్టండి. ఏది చేసినా, అందరికీ వండిపెట్టే మనిషి అందరి మాటల్లోనూ ఉండేలా కట్టండి.