జాజు కాని డబ్బా

కొట్టు అరమీద ఉన్నన్నాళ్లూ నాకంటూ ఒక రంగు లేదు. నాలుగు లీటర్ల వైట్ బేస్ పెయింటు డబ్బాని. టైటానియం డయాక్సైడ్ తెలుపు నా కడుపు నిండా ఉంటుంది. పక్క వరసలోని క్లియర్ బేస్ డబ్బాల్లో ఆ తెలుపు దాదాపు ఉండదు. లేత రంగులకు నేను, ముదురు రంగులకు వాళ్లు. పైకి అందరం ఒకేలా ఉంటాం. డబ్బా మీది చిన్న అక్షరాలు చదివితేనే తేడా తెలుస్తుంది.

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లోని మా కొట్టుకు సంక్రాంతి ముందు హిజ్లీ నుంచి ఓ పెద్దాయన వచ్చారు. వాళ్లది శ్రీకాకుళం వైపు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు కొలువుకని వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. ఊళ్లో సున్నం గోడ అడుగున జాజు పూస్తారు కదా, ఇక్కడి ఇంటికీ ఆ పట్టీ కావాలని ఆయన భార్య కోరిక. షేడ్ కార్డులో ఆ ఎరుపు చూపించి నంబరు రాయించారు.

ఆ ఎరుపుకు క్లియర్ బేస్ కావాలి. కొట్టు కుర్రాడు తొందరలో నన్ను దించాడు. యంత్రం ముక్కు నుంచి ఎరుపు, పసుపు, నలుపు సన్నటి ధారలుగా నాలోకి పడ్డాయి. మూత బిగించి గిరగిరా తిప్పారు. నాలో అంత తెలుపుండగా ఎరుపు ఎలా నిలుస్తుంది? ఒకసారి కలిశాక ఆ చుక్కల్ని వెనక్కి తీయగల యంత్రమూ లేదు.

ఇంట్లో మూత తీస్తే గులాబీ.

“ఇదేటండీ, జాజు తెమ్మంటే?” అంది ఆవిడ.

“ఆరితే ముదురుతుందమ్మా,” అన్నాడు పెయింటరు. అతని మాటా అబద్ధం కాదు, తడి రంగు ఆరాక కొంత ముదురుతుంది. జానెడు మేర పూసి చూశారు. ఆరినా గులాబీయే.

కూతురు నా మూత మీది స్టిక్కరు, బిల్లు పక్కపక్కన పెట్టి చదివింది. ముగ్గురూ నన్ను టోటో రిక్షాలో ఎక్కించి మళ్లీ కొట్టుకు తెచ్చారు.

“కాకూ, కలిపిన రంగు వాపసు తీసుకోం,” అన్నాడు యజమాని.

గోడకు పూశాక నచ్చలేదని తెస్తే ఆ మాట న్యాయమే. వేరెవరికీ పనికిరాని సరుకును కొట్టు ఎందుకు మోయాలి? ఇక్కడ తప్పింది వాళ్ల ఎంపిక కాదు, నా బేస్. “నంబరు మీ కార్డులోది, డబ్బా మీరు తీసింది,” అంది అమ్మాయి నెమ్మదిగా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఏమంటుందో కూడా చెప్పింది: లోపమున్న సరుకును, బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులో, లేకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు అడిగి తీసుకోవడం పెద్దాయనకు రైల్వే కొలువులో అబ్బిన అలవాటు. ఆ రోజు అదే అక్కరకొచ్చింది.

యజమాని నంబరును కంప్యూటర్లో కొట్టి చూశాడు. తెర మీద క్లియర్ బేస్ అని కనబడింది. కుర్రాణ్ణి ఒక్క మాటా అనకుండా నోట్లు లెక్కపెట్టి పెద్దాయన చేతిలో పెట్టాడు. నాకు యజమాని మీద గౌరవం పెరిగింది.

కొత్త డబ్బాను వాళ్ల ఎదుటే కలిపారు. మూత మీద చుక్క వేసి, ఆరనిచ్చి, ట్యూబులైటు కింద కాకుండా ఎండలోకి తెచ్చి చూపించారు. ఆవిడ సరేనన్నాకే డబ్బు తీసుకున్నారు.

నన్ను కొట్టు వెనక పెట్టారు. తర్వాత ఓ మేస్త్రీ, ధర తగ్గిస్తే, పిల్లల గదికని పట్టుకెళ్లాడు.