గేదెపాటి గౌరవం

ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడే కొత్తగా వచ్చిన ముఖ్యమంత్రి గారు 2024 జూన్ 13న పెట్టిన ఐదు సంతకాల్లో నాలుగు నాకు తేలిగ్గానే అర్థమయ్యాయి. డీఎస్సీ, పింఛను, అన్న క్యాంటీన్లు, భూహక్కు చట్టం రద్దు. ఐదోది నైపుణ్య గణన. ఇంటింటికీ వచ్చి ఎవరికి ఏ పని వచ్చో రాసుకుంటామన్నారు. దేశంలో ఇలాంటిది ఇదే మొదలట.

మొదలేమిటండీ? 1919 నుంచీ పశుగణన చేస్తున్నాం కదా!

అందుకే ప్రభుత్వానికి నాదొక మనవి. కొత్త ఫారాలు అచ్చు వేయించొద్దు. పశుగణన ఫారమే తెచ్చి, డిగ్రీ లేని కుర్రాళ్లందరినీ అందులో గేదెల కింద రాసేయండి. ఇంతకు మించి వాళ్లకి మీరు చేయగల మేలు లేదు.

ముందుగా, ఆ ఫారం గేదెని ఏం చదువుకున్నావని అడగదు. జాతి అడుగుతుంది, నిజమే. అది మనవాళ్లకి అలవాటైన ప్రశ్నే.

తర్వాత ధర. పాలకేంద్రంలో మిషను వెన్న శాతం చూస్తుంది, దాన్నిబట్టి రేటు కడతారు. ఇంటర్ తప్పిన గేదె అని లీటరుకి పది రూపాయలు కోసిన పాలకేంద్రం ఎక్కడా లేదు. అదే, కాలిపోయిన మోటారుకి కొత్త వైండింగ్ చుట్టి తిప్పి చూపించిన కుర్రాడికి మాత్రం ‘సర్టిఫికెట్ లేదు కదా’ అని సగం కూలి. మోటారు తిరిగిందా లేదా చెప్పడానికి ఏ మిషనూ అక్కర్లేదు, అయినా సరే.

గేదె చెవికి 12 అంకెల ట్యాగు వేస్తారు. సంతలో చేతులు మారినా దాని చరిత్ర దాని వెంటే ఉంటుంది. మన కుర్రాడు ఆరేళ్లు ఒక షాపులో పనిచేసి పక్క షాపుకి వెళితే మళ్లీ మొదటి నుంచి హెల్పరే. చెవికి ట్యాగు లేకపోవడం వల్ల ఎంత నష్టమో చూడండి. ఇక గేదెకి ఆరు నెలలకోసారి గాలికుంటు టీకా ఉచితం. 1962కి ఫోన్ చేస్తే డాక్టరు వ్యాను గొడ్లచావిడి దగ్గరికే వస్తుంది.

మనుషుల్ని పశువుల్లో కలుపుతావా అని అధికారులెవరైనా కోప్పడొచ్చు. అయ్యా, దించమనడం లేదు. వాళ్లని ఆ స్థాయికి పెంచమంటున్నాను.

ఇక ఎగతాళి చాలు. ప్రతి ఊళ్లోనూ ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కే కుర్రాడొకడు ఉంటాడు. డిపార్ట్‌మెంటు రిజిస్టరులో వాడి పేరుండదు, ఊళ్లో ప్రతి ఫోనులోనూ నంబరుంటుంది. గాలివానకి వైరు తెగినా, అర్ధరాత్రి ఫ్యూజు పోయినా వాడికే ఫోను. 2019లో గ్రామ సచివాలయాలకి ఎనర్జీ అసిస్టెంట్లని, అంటే జూనియర్ లైన్‌మన్లని, తీసుకున్నప్పుడు ఐటీఐ కావాలన్నారు, లేదంటే వొకేషనల్ ఇంటర్. రెండేళ్లు ఐటీఐలో కూర్చుంటే వాడి ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? ముందే వచ్చిన పనిని గుర్తించి కాగితమిచ్చే ఏర్పాటు కేంద్రం వారి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. 2019 నాటి ఉద్యోగ నోటిఫికేషన్‌లో మాత్రం ఆ కాగితానికి గడి లేదు.

తెగిన వైరు తగిలి గేదె చచ్చిపోతే ఎవరి గేదె అని అడుగుతారు, పంచనామా చేస్తారు, పరిహారం ఫైలు కదులుతుంది. ఆ కుర్రాడు స్తంభం మీంచి పడి చచ్చిపోతే మొదటి ప్రశ్న ‘వాణ్ణెవరు ఎక్కమన్నారు?’ అని. అంతకు ముందు రోజు దాకా అందరూ ఎక్కమన్నవాళ్లే! చచ్చాక ఒక్కడూ నేనని ఒప్పుకోడు.

ఎవరికి ఏ పని వచ్చో తెలియక ఆగిపోయిన రాష్ట్రం కాదిది. తెలుసు, అందుకే చవగ్గా చేయించుకుంటోంది. ఆ కుర్రాణ్ణి ఐటీఐ ఆవరణలో మీ ఇంజినీరు ఎదుటే స్తంభం ఎక్కించి పరీక్ష పెట్టండి. పాసైతే లైన్‌మన్ పోస్టుకి పనికొచ్చే సర్టిఫికెట్ ఇవ్వండి, చేసిన ఏళ్లని అనుభవం కింద లెక్క కట్టండి. అప్పటిదాకా గ్లౌజులూ, బీమా అయినా ఇవ్వండి. అవేవీ చేయకుండా ట్యాబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నీకేం పని వచ్చురా అబ్బాయ్ అని అడగడం సిగ్గుచేటు. వాడికేం వచ్చో మీ సబ్‌స్టేషన్‌లో అడగండి, ఫోన్ నంబరుతో సహా చెబుతారు.