హలో అంటే అరుపు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఏడాదికోసారైనా మార్గరెట్ హలో గారు పునర్జన్మ ఎత్తుతారు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్‌కి ఆవిడ ప్రియురాలట, ఆయన ఫోనులో మొట్టమొదట పలికింది ఆవిడ పేరేనట. ఆ పవిత్ర ప్రేమకు మా బాబాయి వెంటనే రెండు దణ్ణాలూ ఓ గులాబీ సమర్పిస్తాడు.

1876 మార్చి 10న బెల్ ఫోనులో పిలిచింది పక్కగదిలో ఉన్న సహాయకుడు వాట్సన్‌ని. పెళ్లాడింది మేబెల్ హబ్బార్డ్‌ని. చిన్నప్పుడే జ్వరమొచ్చి ఆవిడకు చెవులు పోయాయి. ఫోను కనిపెట్టినాయన ఇంటికి ఫోన్ చేస్తే ఇల్లాలికి వినపడదన్నమాట! పైగా ఆయనకు హలో అంటే గిట్టదు. ఓడవాళ్లు కేకేసుకునే ‘అహోయ్’తోనే బతుకంతా గడిపేశాడు.

హలోను ఫోనెక్కించిన ఘనత ఎడిసన్‌ది. అప్పట్లో లైను ఎప్పుడూ తెరిచే ఉంచాలనుకున్నారు. మరి అవతలివాణ్ణి పిలిచేదెలా? గంట ఎందుకు దండగ, హలో అంటే పది ఇరవై అడుగుల దూరానికి వినిపిస్తుందని 1877 ఆగస్టు 15న పిట్స్‌బర్గ్‌లోని ఓ టెలిగ్రాఫ్ కంపెనీ పెద్దకు ఉత్తరం రాశాడు. ఎడిసన్‌కీ చెవుడే. చెవిటాయన ఎంచిన మాటను మెల్లగా పలకమంటే ఎలా? మా పెదనాన్న పలికే హలో వీధి చివరిదాకా వినిపిస్తుందంటే తప్పు ఆయనది కాదు.

అసలు అంతకుముందు హలో పలకరింపే కాదు. 1820ల నాటి అమెరికన్ పత్రికల్లో అది పోతున్నవాణ్ణి ఆపే కేక, లేదా ఆశ్చర్యార్థకం. మన ‘ఓయ్’కి వేలువిడిచిన తమ్ముడు. 1878లో న్యూహేవెన్‌లో అచ్చయిన టెలిఫోన్ పుస్తకమైతే మాట మొదలెట్టడానికి ‘హల్లోవా’ అనమంది, ముగించడానికి దాదాపు మన ‘ఇంతే సంగతులు’ లాంటి మాట ఒకటి చెప్పింది. మొదటిది నిలిచింది, రెండోది గాలికిపోయింది. ఆ లోటు మనవాళ్లు ఇవాళ్టికీ తీర్చుకోలేకపోతున్నారు. ‘సరే మరి’, ‘ఉంటా మరి’, ‘ఆఁ, ఇంకేంటి’ అంటూ ఫోను పెట్టేయడానికే పావుగంట పడుతుంది.

సెల్లులో పేరు కనబడటం మొదలయ్యాక హలోకి ఫోనులో పని తగ్గింది. ‘ఆఁ, చెప్పు’ అనేస్తున్నాం. పాపం, అది పాత ఉద్యోగం వెతుక్కుంది. మొన్న రైతుబజారులో టమాటాల వరసలోకి ఓ పెద్దమనిషి అడ్డంగా దూరబోతే, నా వెనకావిడ సాగదీసి ‘హలోఓ!’ అంది. అచ్చం 1820ల నాటి అర్థంలోనే. ‘ఒక్క కొత్తిమీర కట్టకే కదమ్మా’ అని గొణుక్కుంటూ ఆయన వెళ్లి వరస చివర నిలబడ్డాడు.