నీటి పద్దు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: షుగరు వచ్చేలా ఉందని డాక్టరు హెచ్చరించగా తీపి కోలా మానేసిన హైటెక్ సిటీ ఉద్యోగి ఒకడు, భోజనం ముగించి ఫోనులో నీటి పద్దు రాయబోతూ, గడి దొరక్క పలికిన పద్యం ఇది.

ఆ. గంట గంట కొక్క గ్లాసని ఫోనన్న
నీరు తాగి లెక్క నింపుచుంటి;
సున్న కేలరీల సోడాకు గడి కద్దు,
చారు మజ్జిగలకు జాగ లేదు!

ప్రతిపదార్థం: గంట గంటకున్ = మీటింగులో ఉన్నను, బస్సులో ఉన్నను ప్రతి గంటకును; ఒక్క గ్లాసు అని = గ్లాసు చొప్పున తాగవలెనని; ఫోను = ఇంటి పెద్దల పదవిని ఆక్రమించిన యంత్రము; అన్నన్ = ఆజ్ఞాపింపగా; నీరు తాగి = దాహముతో నిమిత్తము లేక గుటకలు వేసి; లెక్క నింపుచుంటిన్ = పొట్టతోపాటు పద్దును నింపుచున్నాను; సున్న కేలరీల సోడాకున్ = తీపియే గాని శక్తి లేని పానీయమునకు; గడి కద్దు = పద్దులో స్థానమున్నది; చారు మజ్జిగలకున్ = నిత్యము అన్నములో కలుపుకొను వానికి; జాగ లేదు = చోటు లేదు.

పాఠచర్చ: ‘ఫోనన్న’ను ‘ఫోను అనే అన్న’ అని విడదీసినవారున్నారు. తమ్ముణ్ణి ఇంతగా సతాయించే అన్న లోకంలో లేడు కనుక అది గ్రాహ్యం కాదు.

తాత్పర్యం: సీసాలోంచి వచ్చింది నీరుగానూ, గిన్నెలోంచి వచ్చింది కూరగానూ యంత్రం తలచిందని భావం.

విశేషాలు:

1. రోజుకు ఎనిమిది గ్లాసుల నీరు తాగాలనే నియమానికి మూలంగా పలువురు చూపేది 1945 నాటి అమెరికా పోషకాహార మండలి సిఫారసు. పెద్దలకు రోజుకు 2.5 లీటర్ల నీరు కావాలని అందులో ఉంది. ఆ నీటిలో అధికభాగం ఆహారంలోనే దొరుకుతుందని ఆ తరువాత ఉంది. జనం మొదటి వాక్యంతోనే పుస్తకం మూసేశారు.

2. అలంకారం విరోధాభాసం. తీపి ఉంది, కేలరీ లేదు. పరిహారం: ఇలాంటి సోడాల్లో వాడే ఆస్పర్టేమ్ చక్కెర కన్నా సుమారు 200 రెట్లు తీపి. గ్రాముకు దానికీ 4 కేలరీలున్నాయి. కానీ 30 గ్రాముల చక్కెర పనికి 150 మిల్లీగ్రాములు చాలు. పైగా 100 మి.లీ.కు 4 కేలరీలు మించకపోతే ‘కేలరీ రహితం’ అని రాసుకోవచ్చని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ అనుమతి. కాబట్టి ఈ సున్న గణితంలోది కాదు, చట్టంలోది.

3. పూర్వపక్షం: సోడా నీటి లెక్కలోకి రాదు. సిద్ధాంతం: వస్తుంది. కాఫీ, టీ కూడా వస్తాయి. అయితే బరువు అదుపు కోసం ఇలాంటి తీపి పదార్థాలను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సూచించింది. చక్కెర కోలా స్థానంలో ఈ సోడా మేలే. మంచినీళ్ల స్థానంలో కాదు.

4. అపవాదం: వయసు మీరినవారికి దాహం సరిగా తెలియదు; వారికి గుర్తుచేయడం అవసరమే. మూత్రపిండాల, గుండె జబ్బులవారికి వైద్యుడు చెప్పిన కొలతే ప్రమాణం.

నిర్ణయం: తక్కినవారికి దాహమే పద్దు. లెక్క రాయక తప్పదనుకునే పాఠకులు చారును కూడా రాసుకోవాలి. గడి లేకపోతే ‘ఇతరములు’ కింద వేసుకోండి.